ప్రాక్సీ దారిలో వచ్చిన నిన్నటి గాలి

మా ఊరు ఇందుకూరుపేట మండలంలో, సముద్రం ఒడ్డున. మా నాయన ఫైబర్ బోటు మీద చేపల వేటకు వెళ్తాడు. నేను కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో, లోపలికొచ్చే లారీల గేటు పాసులు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగం చేస్తాను. ఆయన పనికీ నా పనికీ ఏ సంబంధమూ ఉండేది కాదు. ఆ సంబంధం నేనే కలిపాను. దాని వల్ల ఏం జరిగిందో ఇన్నాళ్లూ ఎవరికీ వివరంగా చెప్పలేదు.

మొదట్లో అది చాలా చిన్న విషయం. సాయంత్రం నేను ఇంటికి రాగానే నాయన అడిగేవాడు, "పాపా, రేపు గాలి ఎట్టుంటదో రోంత నీ ఫోన్లో చూడు" అని. వాతావరణం వాళ్లు రోజుకు కొన్నిసార్లు ఒక పేజీ పెడతారు. బొమ్మలూ రంగులూ లేని పేజీ. తీరంలో ఏ ప్రాంతానికి గాలి ఎంత వేగం, అల ఎంత ఎత్తు, వేటకు వెళ్లొచ్చా లేదా, అంతే ఉంటుంది. ప్రమాదం ఉంటే పైన ఎర్రగా ఒక వరస. అది చదివి ఆయనకు చెప్పేదాన్ని. తర్వాత ఆయనతో బోటులో వెళ్లే మా మామ అడగడం మొదలుపెట్టాడు. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. తర్వాత పక్కింటివాళ్లు. ఒక సాయంత్రం నేను ఇంకా చెప్పులు విడవకముందే ఎనిమిది మంది వాకిట్లో నిలబడి ఉన్నారు.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. చేతిలో ఒక పని ఉంటే అది తెమిలేదాకా కాలు ఒకచోట నిలవని మనిషిని. రెండు ఆదివారాలు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అరగంటకొకసారి ఆ పేజీ తెచ్చుకుంటుంది. అందులో మా తీరం వరస వెతుకుతుంది. బోట్లు కదలకముందు ఒకసారి, పొద్దున ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం ఐదుకు ఒకసారి మా ఊరి ఫోన్ల గ్రూపుకు తెలుగులో మెసేజ్ పంపుతుంది. ఊరి మైకులో హెచ్చరిక చెప్పేది తెల్లారాక. బోట్లు వెళ్లేది అంతకు ముందే. ఆ మధ్యలో ఉన్న ఖాళీ నాకు బాగా తెలుసు.

ఇంట్లో నా పాత లాప్‌టాప్ మీద అది చక్కగా నడిచింది. కానీ మా ఊళ్లో కరెంటు నిలకడగా ఉండదు, సిగ్నల్ అంతకన్నా ఉండదు. ఆఫీసులో నా మెషీను మాత్రం ఎప్పుడూ ఆగదు, ఎందుకంటే రాత్రీ పగలూ లారీలు వస్తూనే ఉంటాయి. అందుకని ప్రోగ్రాము తీసుకెళ్లి ఆఫీసు మెషీనులో పెట్టాను.

అక్కడ అది కదలలేదు. నడపగానే కాసేపు ఆలోచించినట్టు ఆగి, కనెక్షన్ దొరకలేదని ఒక వరస చూపించి ఆగిపోయేది. అదే మెషీనులో బ్రౌజర్ తెరిస్తే అదే పేజీ కళ్లముందు తెరుచుకునేది. మూడు రోజులు అన్నం తినే టైము మొత్తం దానికే పోయింది. ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఒక్కో వరస మార్చి చూసేదాన్ని. డబ్బాలో అన్నం సగం మిగిలేది.

నాలుగో రోజు సిస్టమ్ అన్న దగ్గరికి వెళ్లాను. ఆఫీసులో కంప్యూటర్లూ లైన్లూ చూసే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. నలభై దాటిన మనిషి. ముత్తుకూరు వైపు ఒక చర్చిలో పాటలు పాడించేది ఆయనే. పని చేస్తున్నప్పుడు కూడా లోలోపల ఏదో రాగం తీస్తూ ఉంటాడు.

నేను చెప్పింది విని ఆయన నవ్వాడు. "మన లారీలు లోపలికెట్టా వస్తాయమ్మా?"

"గేటులోంచి."

"ఇంటర్నెట్టూ అంతే. ఈ ఆఫీసులో ఏ మెషీనుకీ బయటికి సొంత దారి లేదు. అందరూ ఒక సర్వర్ దగ్గరికి పోయి అడగాల. అది బయటికి పోయి తెచ్చిస్తది. దాన్నే ప్రాక్సీ అంటాం. ఆ గేటు యాడుందో బ్రౌజరుకు నేను ముందే చెప్పిపెట్టినా. నీ ప్రోగ్రాముకు ఎవరు చెప్పినారు? పాపం అది గోడకేసి తల కొట్టుకుంటా ఉండాది."

ఒక పాత గేటు పాసు వెనక్కి తిప్పి, దాని మీద సర్వర్ చిరునామా, అందులోకి పోయే తలుపు లాంటి పోర్టు నంబరు రాసిచ్చాడు. ప్రోగ్రాములో రెండు వరసలు కలపమన్నాడు. తాళం వేసి వచ్చే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని పేజీలకు ఒకటి, తాళం లేని మామూలు పేజీలకు ఒకటి. రెండిటికీ అదే గేటు.

"పెద్దసారుకు చెప్పాలా అన్నా?"

"ఇంత చిన్న పేజీకా? పెట్టుకో. మంచి పనే గదా చేస్తుండావు."

సీటు దగ్గరికి దాదాపు పరుగెత్తినట్టే వచ్చాను. రెండు వరసలూ కలిపాను. అప్పుడు టైము ఒంటిగంట దాటింది. నడిపాను. పేజీ మొత్తం బొలబొలా తెర మీద పడింది. నా ఫోను టేబుల్ మీద గుయ్యిమంది. మా తీరం గాలి, మా తీరం అల, పోవచ్చు అని మెసేజ్. ఆ మధ్యాహ్నం లారీ డ్రైవర్లందరినీ నవ్వుతూ పలకరించాను.

మొదట నేను పంపిన మెసేజ్ కాస్త పొడుగ్గా ఉండేది. ఆ పేజీలో పైన, ఈ సమాచారం ఏ తేదీన, ఏ టైముకు ఇచ్చారో ఒక వరస ఉంటుంది. దాన్ని కూడా కలిపి పంపేదాన్ని. రెండో రోజు నాయన ఫోను కాస్త దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి చూసి అన్నాడు, "ఇంత పొడుగు ఎవరు చదవతారుమా? గాలి ఎంత, అల ఎంత, పోవచ్చా లేదా. అంతే గదా మాకు కావాల్సింది."

నిజమే అనిపించింది. తేదీ వరస తీసేశాను.

నెల గడిచింది. ఇంకో రెండు వారాలు గడిచాయి. కొట్టు దగ్గర అమ్మను ఆపి, "మీ పాప మెసేజ్ వచ్చినాకే మావాడు అన్నం మూట కట్టమంటుండాడు" అని చెప్పేవాళ్లు. మామ గ్రూపులో రోజూ ఒక దండం బొమ్మ పెట్టేవాడు. నాయన పైకి ఏమీ అనలేదు కానీ, ఎవరైనా ఆకాశం చూసి అనుమానంగా మాట్లాడితే జేబులోంచి ఫోను తీసి వాళ్లకు చూపించేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఎంత గర్వమంటే, ఆ పేజీ నేను స్వయంగా తెరిచి చూడడం మానేశాను. చూడాల్సిన అవసరం ఏముందిలే, ప్రోగ్రాము చూస్తోంది గదా అనుకున్నాను.

ఆ రోజు నేను నిద్ర లేచేసరికి నాయన, మామ, వాళ్లతో వెళ్లే ఇంకొకాయన బోటు తోసుకుని వెళ్లిపోయారు. ఇంకో బోటు కూడా వెళ్లింది. అది వరసకు నాకు బాబాయి అయ్యే ఆయనది. మిగతావాళ్లు వలలు బాగు చేసుకుంటూ ఆ పూట ఆగారు. ఫోన్లో నా మెసేజ్ ఉంది. గాలి తక్కువ, అల తక్కువ, పోవచ్చు.

ఏడున్నరకు ఇందుకూరుపేటలో కంపెనీ వ్యాను ఎక్కాను. కిటికీ పక్క సీటు. కాసేపయ్యాక రోడ్డు పక్క రొయ్యల గుంటల వైపు చూశాను. గుంటల్లో నీళ్లు మొత్తం ఒకే వైపుకు ముడతలు పడుతున్నాయి. గట్టు మీద వేసిన నీలం పట్టా ఒక కొసన లేచి టపటపా కొట్టుకుంటోంది. దాన్ని పట్టుకోవడానికి ఒకాయన పరుగెత్తుతున్నాడు.

గాలి తక్కువ అన్నాం గదా.

ఆ మాట నా లోపల ఎవరో గట్టిగా అన్నట్టు వినిపించింది. ఫోను తీసి ఆ పేజీ తెరిచాను. పైన ఎర్ర వరస ఉంది. మా తీరం పేరు ఉంది. ఎవరూ సముద్రంలోకి వెళ్లవద్దు, వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి రావాలి అని ఉంది. ఇచ్చిన టైము చూశాను. నిన్న సాయంత్రం.

నాయనకు ఫోన్ చేశాను. అందుబాటులో లేరని వచ్చింది. మామకు చేశాను. అదే మాట. ఒడ్డు నుంచి కొంచెం దూరం పోతే మా వాళ్ల ఫోన్లు పనిచేయవని తెలిసీ మళ్లీ మళ్లీ చేశాను. అమ్మకు చేస్తే వెంటనే ఎత్తింది.

"ఇప్పుడే మైకులో చెప్పినారు పాపా, ఎవరూ పోవద్దని. నువ్వు పోవచ్చు అన్నావు గదా? ఏంది ఇది?"

వ్యాను ఆపించి వెనక్కి వెళ్లిపోదామని లేచి నిలబడ్డాను. అంతలో ఇంకో విషయం తట్టింది. టైము ఎనిమిది కావస్తోంది. ఎనిమిదికి నా ప్రోగ్రాము మళ్లీ మెసేజ్ పంపుతుంది. ఒడ్డున ఆగినవాళ్లు మైకు మాట కన్నా దాన్నే నమ్మితే?

సిస్టమ్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన ఏడింటికే ఆఫీసులో ఉంటాడు.

"అన్నా, నా మెషీను ప్లగ్గు పీకేయండి."

"ఏమైందమ్మా? గేటు దగ్గర లారీలు ఆగిపోతాయి గదా."

"పీకేయండన్నా. మా నాయన సముద్రంలో ఉండాడు."

ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది. తలుపు తోసిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. అంతలో నా చేతిలోనే ఫోను గుయ్యిమంది. గాలి తక్కువ. అల తక్కువ. పోవచ్చు.

"పీకినానమ్మా" అన్నాడు అన్న, ఆ వెంటనే.

గ్రూపులో నా చేత్తో రాశాను. అక్షరాలు తప్పుతుంటే చెరిపి మళ్లీ రాశాను. ఆ మెసేజ్ తప్పు, ఎవరూ పోవద్దు. ఎవరో అడిగారు, ఇప్పుడే గదా పోవచ్చు అనింది అని. తప్పు తప్పు తప్పు అని మూడుసార్లు పెట్టాను.

ఆఫీసు చేరే దాకా సీట్లో కూర్చోలేకపోయాను. కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాను. కూర్చోమని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు.

నేను వెళ్లేసరికి సిస్టమ్ అన్న తన తెర మీద పొడుగాటి పట్టీ ఒకటి తెరిచి చూస్తున్నాడు. ప్రాక్సీ దగ్గరికి ఎవరు ఏ పేజీ అడగడానికి వచ్చారో వరసగా రాసి ఉండే పట్టీ అది. నా మెషీను అరగంటకొకసారి వచ్చి అడిగిన గుర్తులు అన్నీ ఉన్నాయి. దాదాపు ప్రతి వరస చివరా ఒకే మాట ఉంది. ఆ మాటకు అర్థం అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "బయటికి పోలేదు అని అర్థం. తన దగ్గరుండే కాపీ ఇచ్చింది."

"ఎప్పటి కాపీ?"

"నిన్న మధ్యాహ్నం ఒంటిగంట దాటినాక తెచ్చింది."

అప్పుడు మొత్తం చెప్పాడు. కొన్నేళ్ల కిందట ఆఫీసు లైను చాలా నెమ్మదిగా ఉండేదట. అందుకని ఒకసారి తెచ్చిన పేజీని ప్రాక్సీ తన దగ్గర దాచుకుని, ఒక రోజు దాకా ఎవరు అడిగినా అదే ఇవ్వాలని ఆయన ఒక రూలు రాశాడు. తాళం వేసి వచ్చే పేజీలను చదవడం, దాచడం దాని వల్ల కాదు. వాతావరణం వాళ్ల పేజీ తాళం లేనిది. పోస్టు కార్డు లాంటిది. మధ్యలో ఎవరైనా చదవొచ్చు, నకలు తీసి పెట్టుకోవచ్చు. తర్వాత లైను బాగుపడింది. రూలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయనకే గుర్తులేదు.

"అయితే ఈ నెలన్నర రోజులూ..." అన్నాను.

ఆయన తలూపాడు. నేను మొదట ఒంటిగంట దాటాక నడిపాను కాబట్టి, రోజూ ఆ వేళకే కొత్త పేజీ వచ్చేది. అక్కణ్నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా అదే. బోట్లు కదిలే వేళకు నేను పంపిన ప్రతి మెసేజ్‌లోనూ ఉన్నది ముందు రోజు మధ్యాహ్నపు గాలి. ఆ నెలన్నరా సముద్రం నెమ్మదిగా ఉంది గనక, నిన్నటికీ నేటికీ తేడా లేదు గనక, ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. తెలియజేసే వరస ఒక్కటే ఉంది. దాన్ని నేను తీసేశాను.

"నేను పెట్టిన రూలమ్మా ఇది" అన్నాడాయన.

"తేదీ చూడనిది నేనన్నా."

ఆయన బండి తాళాలు తీసుకున్నాడు. "రా, మీ ఊరు పోదాం."

దారి పొడుగునా ఎదురుగాలి. చెట్లున్న చోట బండి పక్కకు లాగేది. ఆయన పాడలేదు. నేను ఫోను గుండెకు ఆనించి పట్టుకున్నాను, మోగితే వినపడదేమోనని. ఒక్కసారి కూడా మోగలేదు.

ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. ఆగిన బోట్లను మగవాళ్లు తాళ్లతో ఇంకా పైకి లాగుతున్నారు. సముద్రం మట్టిరంగులో ఉంది. అలలు ఎక్కడో దూరం నుంచే విరిగి నురగ కక్కుకుంటూ వస్తున్నాయి. అమ్మ ఇసుకలో నిలబడి ఉంది. నన్ను చూసి మళ్లీ సముద్రం వైపు తిరిగింది. ఆమె పక్కన నిలబడలేక అటూ ఇటూ నడిచాను. బోటు దాకా వెళ్లడం, మళ్లీ వెనక్కి రావడం. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. సిస్టమ్ అన్న కాస్త దూరంగా, బూట్లు చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

పదకొండు దాటాక ఒక బోటు కనిపించింది. బాబాయిది. అలల మీద పైకి లేచి, మళ్లీ మాయమై, ఎలాగో ఒడ్డెక్కింది. అమ్మ నీళ్లలోకి నడిచి వెళ్లి అడిగింది.

"మాకన్నా లోపలుండారు వదినా. వల లాగతా ఉన్నాడు అన్న. మేం చెయ్యి ఊపినాం. చూసినాడో లేదో" అన్నాడు బాబాయి. తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఇంకా రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏ ఆలోచనా నిలవలేదు. తేదీ వరస తీసేసినప్పుడు నేను నొక్కిన మీట ఒక్కటే మళ్లీ మళ్లీ వేలి కింద తగులుతున్నట్టు ఉండేది.

నాయన బోటు ఒంటిగంట దాటాక వచ్చింది. అందులో వల లేదు. ఒడ్డుకు దగ్గరగా వచ్చాక వెనక నుంచి ఒక అల లేచి బోటును అడ్డంగా తిప్పేసింది. ముగ్గురూ నీళ్లలో పడ్డారు. ఒడ్డున ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా పరుగెత్తారు. సిస్టమ్ అన్న ప్యాంటు నడుము దాకా తడిసి అందరి మధ్యలో బోటు అంచు పట్టుకుని ఉన్నాడు. నాయన లేచాడు. ఇంకొకాయన లేచాడు. మామను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. అతని కుడి చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. బోటు అంచు తగిలి విరిగింది.

మామను ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి పంపించాక నాయన ఇసుకలో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన పెదాలు ఉప్పుకు తెల్లబడి ఉన్నాయి.

"ఆకాశం చూసినా పాపా" అన్నాడు. "తెల్లారేసరికే తేడాగా ఉండాది. మీ మామ పోదాం పదా బావా అన్నాడు. నేనే, లేదులే, మా పాప చెప్పింది గదా అని ఇంకో గంట ఉన్నా. గాలి మీదికొచ్చినాక వల లాగే సందు లేదు. కోసేసినాం."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పుడు ప్రాక్సీ గురించి, దాచుకున్న కాపీ గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే అది పోయి అడగలేదా? పోకుండానే పోయొచ్చినట్టు చెప్పిందా?"

"అవును నాయనా."

"నీకు తెలిసేదానికి ఏం గుర్తూ లేదా?"

ఉంది. తేదీ ఉంది. పొడుగ్గా ఉందని తీసేయమన్నది ఆయనే. ఆయనకు అది గుర్తులేదు. నేను గుర్తు చేయలేదు. "చూసుకోవాల్సింది. చూసుకోలేదు" అన్నాను. తీసేయమన్నది ఆయనేనన్న మాట మాత్రం ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున ఊరి పెద్దలు నన్ను పిలిపించారు. బోట్ల పక్కనే అందరూ కూర్చున్నారు. బాబాయి లేచి నిలబడి అడిగాడు, "నీ కంప్యూటరు అబద్ధం చెప్తే మేం యాడికి పోవాల? మాకు కళ్లు లేవా? ఆకాశం చూసుకుని పోతా ఉన్నాం ఇన్నాళ్లూ. నువ్వొచ్చి అది మాన్పించినావు."

"అది అబద్ధం చెప్పలేదు బాబాయ్. పాతది చెప్పింది. ఎప్పటిదని అడగనిది నేను. తప్పు నాది."

"ఇంకోసారి నీ మెసేజ్ మాకు వద్దు."

ఎవరూ ఆయన్ని కాదనలేదు. సాయంత్రానికి గ్రూపులోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వెళ్లిపోయారని ఫోను ఒకదాని కింద ఒకటిగా చూపిస్తూ పోయింది. చివరికి నేను, నాయన, మామ మిగిలాం. మామ ఆసుపత్రిలో ఉన్నాడు గనక చూసుకోలేదేమో.

ఆఫీసులో కూడా విషయం పైకి వెళ్లింది. మెషీను ప్లగ్గు పీకడం వల్ల గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. పెద్దసారు ఇద్దరినీ పిలిచాడు. నేను నోరు తెరవకముందే సిస్టమ్ అన్న అన్నాడు, "దారి చెప్పింది నేను సార్. కాపీ దాచమని రూలు రాసిందీ నేనే. ఆ అమ్మాయికి అది తెలిసే వీల్లేదు." పెద్దసారు కంపెనీ మెషీనులో సొంత ప్రోగ్రాములు ఉండకూడదన్నాడు. జరిగింది కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. చివర్లో, "మీ నాన్నగారు ఎట్టున్నారు?" అని అడిగాడు.

నేను ఆగి ఉండాల్సింది. ఊరు వద్దంది, ఆఫీసు వద్దంది. కానీ నాకు నిద్ర పట్టలేదు, తిండి సయించలేదు. తప్పు ఎక్కడుందో తెలిశాక దాన్ని అలాగే వదిలి కూర్చోవడం నా వల్ల కాలేదు. ప్రోగ్రాము మళ్లీ రాశాను. పేజీ అడిగేటప్పుడే, దాచుకున్నది వద్దు, కొత్తది కావాలి అని గట్టిగా అడిగేలా చేశాను. అడిగినా మధ్యలో ఉన్న సర్వర్ వినకపోవచ్చు. అందుకని వచ్చిన పేజీలో తేదీ, టైము చదివి, ఇచ్చి ఎన్ని గంటలైందో లెక్కపెట్టేలా చేశాను. అవి మరీ పాతవైనా, అసలు కనిపించకపోయినా, గాలి గురించి ఒక్క మాట కూడా చెప్పకూడదు. 'తెలియదు' అని మాత్రం పంపాలి.

సిస్టమ్ అన్న పెద్దసారును అడిగి ఒక్క రోజుకు అనుమతి తెచ్చాడు. ప్రమాదం జరిగాక తాను తీసేసిన పాత రూలును ఆ ఒక్క పేజీకి మళ్లీ పెట్టాడు. ప్రోగ్రామును ఆ ప్రాక్సీలోంచే పంపించాం. కొత్తది కావాలని అది ఎంత అడిగినా ప్రాక్సీ తన దగ్గర దాచుకున్న పేజీయే ఇచ్చింది. పొద్దున అంతా ప్రోగ్రాము గాలి ఎంతో చెబుతూ వచ్చింది. కాపీ పాతబడ్డాక, సాయంత్రం, నా ఫోన్లో ఒక్క మాట పడింది. తెలియదు.

అన్న నా వైపు చూశాడు. ఇద్దరమూ నవ్వలేదు. ఆయన ఆ రూలు మళ్లీ తుడిచేశాడు, ఈసారి నా కళ్లముందే.

మా ఊరికి దగ్గర్లో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. జనరేటరు ఉంటుంది, సొంత ఇంటర్నెట్ లైను ఉంటుంది. దాని యజమాని మా నాయనకు తెలిసినాయన. నా పాత లాప్‌టాప్ ఆయన గదిలో ఒక మూల పెట్టుకోనిచ్చాడు. అక్కడ మధ్యలో ఏ ప్రాక్సీ లేదు, నేరుగా వెళ్తుంది. అయినా నాకు నమ్మకం లేదు. రోజూ పొద్దున లేవగానే మొదట నా ఫోన్లో ఆ పేజీ తెరుస్తాను, తర్వాత మెసేజ్ చూస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తాను. తేదీ వరస ఇప్పుడు మెసేజ్‌లో అన్నిటికంటే పైన ఉంటుంది. పొడుగ్గా ఉందని ఎవరూ అనలేదు. అనడానికి గ్రూపులో పెద్దగా ఎవరూ లేరు కూడా. మెల్లగా ఆరుగురు తిరిగి వచ్చారు. బాబాయి రాలేదు.

మామ చెయ్యి అతుక్కోవడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. వేటకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక, ఒకరోజు తెల్లవారుతుండగా మా ఇంటికి వచ్చాడు. నేను అప్పుడే లేచాను. ముందు రోజు నుంచి వాతావరణం వాళ్ల సర్వరే ఆగిపోయింది. నా ఫోన్లో కూడా పేజీ తెరుచుకోలేదు.

మామ ఎడమ చేత్తో ఫోను చూపించాడు. "తెలియదు అని ఉండాది. ఏందది?"

"తెలియదనే మామా. దానికీ తెలియదు. నాకూ తెలియదు."

"మరి పోవాల్నా వద్దా?"

నాయన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పేయాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

మామ విడవలూరు వైపు సముద్రం ఒడ్డున ఉండే మా చుట్టాలాయనకు ఫోన్ కలిపాడు. రెండుసార్లు తెగిపోయి మూడోసారి కలిసింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"మీ కాడ గాలి ఎట్టుండాది?"

"ఒడ్డునే ఉండా. నేను చెప్పేదేంది, నువ్వే విను" అన్నాడు ఆయన. ఫోను చెయ్యి చాచి సముద్రం వైపు పట్టుకున్నట్టున్నాడు. మాట ఆగిపోయి హోరు మొదలైంది.

మామ అరుగు మీద కూర్చుని ఫోను మీదికి వంగాడు. నాయన గుమ్మం దిగి వచ్చి మామ పక్కన కూర్చున్నాడు. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చింది. ఆ హోరు ఎంత గాలో నాకు అర్థం కాలేదు. వాళ్లిద్దరూ తలలు దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నారు.

"ఈ పొద్దు వద్దులే" అన్నాడు నాయన.